తలుపుల్లేని లాడ్జి

తాడిపత్రి నడిబొడ్డున ఉన్న ఆ పాత లాడ్జిని రేపు కూలగొడతారు. పై గదుల తలుపులన్నీ ఊడదీసి ఎప్పుడో అమ్మేశారు. వాచ్‌మన్ లింగన్న ఒక్కడే మెట్ల కింది తన గదిలో పడుకున్నాడు.

నడిరాత్రి పైన ఎవరో తలుపు తట్టారు.

"లెయ్యన్నా, రైలొచ్చే యాళయింది!"

తెల్లవారుజాము రైలుకు పోయేవాళ్లను ఇన్నేళ్లూ లింగన్నే అలా లేపాడు. తలుపు తీసేదాకా తడుతూనే ఉండేవాడు.

లేని తలుపులు ఒక్కొక్కటే మోగుతున్నాయి. ఆ చప్పుడు మెట్లు దిగింది. లింగన్న తన తలుపుకు వీపు ఆనించి, కాళ్లు నేలకు తన్నిపట్టాడు.

టక్, టక్.

"లెయ్ లింగన్నా, యాళయింది."

"నేను యాడికీ పోనప్పా! నీ కాళ్లు మొక్కుతా, ఎల్లిపో!"

టక్, టక్.

తలుపు తీసేదాకా ఆ గొంతు ఊరుకోదని లింగన్నకు తెలుసు. అది అతని గొంతే.