ఆదివారం పూతరేకు

“మూడొందల ఎనభై ఆరు!”

పాపాయమ్మ కేకకి పెరట్లో కోళ్ళు చెల్లాచెదురయ్యాయి.

జీవరాజు మాస్టారు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. చూపుడువేలి మీద రక్తపు చుక్క ఇంకా ఆరలేదు.

“అబద్ధం! నిన్న నూట పద్దెనిమిదే కదే!”

“నిన్నటి మాట నిన్నటిది. ఇవాళ మెషిన్ ఏమంటోందో చూసుకోండి. రాత్రి ఎన్ని మింగారు?”

“దేవుడి సాక్షిగా ఒక్కటి కూడా ముట్టలేదు!”

మాస్టారు రెండు చెవులూ పట్టుకున్నారు. పట్టుకోరా మరి? డాక్టరుగారితో ఆయన ఒప్పందం అలాంటిది. వారం రోజుల పాటు పరగడుపు షుగర్ నూట ముప్పై దాటకపోతే, ఆదివారం ఉదయం ఒక్క పూతరేకు. ఒక్కటంటే ఒక్కటే. రెండేళ్ళ తర్వాత నోట్లో కరగబోయే మొదటి పూతరేకు.

సోమవారం నుంచి శనివారం దాకా కోడలు రెబెక్కా రోజూ సూది గుచ్చింది. రోజూ ఆయనే గెలిచారు. కాకరకాయ గెలిపించింది. ఇక మిగిలింది ఈ ఒక్క ఉదయమే. నర్సుగా చేస్తున్న రెబెక్కా నైట్ డ్యూటీ నుంచి ఇంకా ఇంటికి రాలేదు, అందుకే ఇవాళ సూది పాపాయమ్మ పట్టుకుంది.

కొడుకు ఆత్రేయపురం నుంచి తెచ్చిన పెట్టె బీరువాలో ఉంది. తాళంచెవి పాపాయమ్మ బొడ్లో ఉంది. ఆవిడ కాపలా అంటే మాటలు కాదు. పోయిన ఆదివారం చర్చిలో లేచి నిలబడి మరీ సాక్ష్యం చెప్పింది. “మా ఆయనకి లేని తీపి నాకూ వద్దు. ఆయన షుగర్ దారికొచ్చేదాకా నేను పంచదార ముట్టను.” సంఘమంతా ఆమేన్ అంది. పాస్టరమ్మగారు కళ్ళు కూడా ఒత్తుకున్నారు.

“పెట్టె చూసొస్తానుండండి” అని పాపాయమ్మ లోపలికి వెళ్ళింది. కాస్త ఆలస్యంగానే తిరిగొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

“పదిలో ఆరే ఉన్నాయండీ! నాలుగు మాయం!”

“తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా?”

“ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరు చేశారు. కాపీలు కొట్టే పిల్లల్ని ఎంతమందిని చూడలేదు? మీకు ఓ బీరువా తాళం లెక్కా?”

మాస్టారికి పౌరుషం వచ్చింది. కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో రెండు చేతులూ తోముకుని వచ్చారు.

“మెషిన్ చెడిపోయింది. మళ్ళీ గుచ్చు!”

పాపాయమ్మ గుచ్చింది. గేదె పొదుగు పితికినట్టు వేలు పిండింది. పట్టీ మీదికి చుక్క ఎక్కించింది. మెషిన్ అయిదు సెకన్లు ఆలోచించుకుంది.

“నాలుగొందల పన్నెండు! కూర్చున్న చోటే పెరిగిపోతోందేంటండీ మీకు!”

సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుంది. “అమ్మగారూ, మొగల్తూరు చందువా చేపలండీ! ఇంకా ఊపిరితో ఉన్నాయి!”

చేపలమ్మే చిట్టెమ్మ గంప దించి సంగతంతా విన్నది. మాస్టారి ముఖం చూసి జాలిపడింది.

“మెషినే అబద్ధమాడుతుందేమోనండి. నాకు గుచ్చి చూడండి. రాయిలాంటి మనిషిని నేను.” చేపల వాసన పోయేదాకా చేతులు కడుక్కుని వేలు చాపింది.

పాపాయమ్మ గుచ్చి, పిండి, చూసి, నోరు తెరిచేసింది.

“మూడొందల పద్దెనిమిది!”

“ఓరి నాయనో! మా అమ్మకి లేదు, మా అయ్యకి లేదు, నాకెక్కణ్ణించి వచ్చిందండీ!”

పాపాయమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. ఆయన వంక చూసింది. ఈవిడ వంక చూసింది.

“ఇప్పుడర్థమైంది. నిన్న సాయంత్రం నేను ప్రార్థన కూటానికి వెళ్ళినప్పుడు నువ్వు వచ్చావు కదూ? తలా రెండు పంచుకున్నారన్నమాట!”

“అమ్మగారూ! ఈ గంప మీద ఒట్టండీ!”

“పాపాయీ, ఒట్టి పుణ్యానికి నింద వెయ్యకే!”

“ఇవాళ సాయంత్రం స్త్రీల సమాజంలో సాక్ష్యం చెప్పాలి నేను. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఈ జన్మలో మీకు పూతరేకు లేదు. ఇక వాసన కూడా చూడనివ్వను!”

మాస్టారు నీరుగారిపోయారు.

రెబెక్కా గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. హ్యాండ్‌బ్యాగ్ పక్కన పెట్టింది. పట్టీల డబ్బా మీద తేదీ చూసింది, బాగానే ఉంది. చేతులు కడుక్కుంది. మావగారి వేలు స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, గుచ్చింది.

నూట పన్నెండు.

చిట్టెమ్మకి గుచ్చింది. తొంభై ఆరు.

“బతికించావు తల్లీ!” చిట్టెమ్మ ఒక్క గెంతు గెంతింది. కాలు తగిలి రెండు చందువాలు గంపలోంచి ఎగిరి నేల మీద పడ్డాయి.

మాస్టారు అప్పటికే బీరువా ముందు నిలబడి ఉన్నారు. “తాళంచెవి! నా పూతరేకు!”

“ఉండండి!” అంది పాపాయమ్మ. “నేను గుచ్చితే ఒకటి, కోడలు గుచ్చితే ఒకటీనా? ఈ మెషిన్‌కి కోడలంటే అంత ప్రేమేంటి?”

రెబెక్కా అత్తగారి కుడిచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కమ్మటి నెయ్యి వాసన.

“పంచదార వీళ్ళ రక్తంలో లేదండీ, వేలు పట్టుకు పిండిన మీ చేతికే ఉంది, ఆ నాలుగు పూతరేకులూ తిన్న దొంగ మీరే అత్తయ్యగారూ!”