తెరుచుకోని పేజీ

“ఈ పేజీ రావడం లేదండి. కాస్త చూసిపెట్టండి.”

మాదాపూర్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఒక పెద్దాయన చిరిగిన పోస్టరు పట్టుకుని వచ్చాడు. బోరబండ రైల్వే స్టేషన్ గోడ మీద ఉండగా వానకు తడిసి, అందులోని ఫొటో ఊడిపోయింది. ‘రామబ్రహ్మం, కనిపించుట లేదు’ అన్న మాటలూ, వెబ్‌సైటు లింకూ మిగిలాయి.

అక్కడి ప్రోగ్రామర్ రవికిరణ్‌కు ఒళ్లు మండింది. తప్పిపోయినవాళ్ల కోసం ఒక సేవాసంస్థకు తను ఉచితంగా చేసిపెట్టిన సైటు అది. ఉచితానికి ఇంత సతాయింపా అనుకున్నాడు.

లోపం తనదేనని అతనికి తెలుసు. తప్పిపోయినవాళ్లలో ఎవరెవరికి పేజీలు కావాలో ప్రోగ్రాములో ముందే చెప్పి, అన్నీ ఒకేసారి తయారుచేసుకోవాలి. అతను పాత జాబితాలోని పేర్లు చెప్పి వదిలేశాడు. తర్వాత చేరిన కొత్త పేర్లకు పేజీలే పుట్టలేదు. సైట్లలో తప్పులు పట్టే టెస్టర్ ఉమాశ్రీ మొత్తుకుంటే, నా పని నాకు నేర్పకు అని కసిరాడు.

రామబ్రహ్మం ఇంటివాళ్ల ఫోన్ నంబరు ఆ పేజీలో ఉంటుందని స్టేషన్ దగ్గరి టీ కొట్టతను పెద్దాయనకు చెప్పాడట. ఈ ఆఫీసు అడ్రసూ అతనే చూసిపెట్టాడట.

ఆచూకీ పేరుతో డబ్బు గుంజడానికి వచ్చాడని రవికిరణ్ తేల్చేసుకున్నాడు.

“ఇంతకీ రామబ్రహ్మం మీకేమవుతాడు?”

పెద్దాయన పోస్టరు మీది పేరును వేలితో తడుముతూ, “ఎక్కడో విన్న పేరులానే ఉందండి” అన్నాడు.

“చెప్పలేరుగా. ఇలాంటివాళ్లని చాలామందిని చూశాం. నడవండి బయటికి.”

సెక్యూరిటీ భాస్కర్ ఆయన జబ్బ పట్టుకున్నాడు. ఆయన ఎదురు తిరగలేదు.

“ఆ ఇంట్లో కంగారు పడుతుంటారండి” అని మాత్రం అన్నాడు.

పేజీ చెయ్యడానికి లేని తీరిక మనిషిని గెంటడానికి ఎలా వచ్చిందని ఉమాశ్రీ అందరి ముందూ కడిగేసింది.

రవికిరణ్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. అక్కడికక్కడే కొత్త పేర్లన్నీ కలిపి, సైటును మళ్లీ తయారుచేసి ఎక్కించాడు.

“ఇదిగో, చూసుకో నీ రామబ్రహ్మాన్ని” అని ఆమె ముందే పేజీ తెరిచాడు.

మరుక్షణం లేచి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీంచి కిందికి పరుగెత్తాడు.

“ఎప్పుడో పోయిండు సార్” అన్నాడు గేటు దగ్గర భాస్కర్. “ఎటు పోవాల్నని నన్నే అడిగిండు. నాకేం ఎరుక అన్న.”

రోడ్డు నిండా కార్లు. రవికిరణ్ అటూ ఇటూ ఉరికి, వగరుస్తూ పైకి వచ్చాడు.

ఉమాశ్రీ ఆ ఇంటికి ఫోన్ కలుపుతోంది. ఎదురుగా స్క్రీను మీద, రామబ్రహ్మం ఫొటోలో, ఇందాక వాళ్లు గెంటేసిన పెద్దాయన నవ్వుతున్నాడు.