ఏడో ఫొటో

మధ్యాహ్నం. వేధశాల డోములో తెల్లతెర మీద లాంపు వెలుతురు వేసి, పెద్ద టెలిస్కోపుతో ఆ తెరని పది ఫొటోలు తీయాలి. అన్నిట్లో వెలుతురు ఒకేలా వస్తేనే కెమెరా సరిగ్గా ఉన్నట్టు.

కింద గదిలో కూర్చుని తీస్తున్నాను. మొదటి ఆరింటిలో వెలుతురు వణికింది. "ఈ లాంపు ముసలిదైపోయింది, మార్చమని బావకి చెప్పాలి" అని విసుక్కున్నాను. ఏడోదాన్నుంచి నిలకడగా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

అంతలో అక్క ఫోను.

"మీ బావ ఫోనెత్తట్లేదురా. తెర బోల్టులు బిగించాలని భోజనం కూడా చెయ్యకుండా పరిగెత్తాడు."

డోము లోపలికి వెళ్లేవాళ్లు తలుపు దగ్గర పేరు చీటీ తగిలించాలి. ఐదు నిమిషాల పనికి చీటీ ఏంట్రా అంటాడు బావ, ఎప్పుడూ తగిలించడు.

పైకి పరిగెత్తాను. కాలు జారి, నడుముకి కట్టుకోవాల్సిన తాడు మెడకి బిగుసుకుని, తెర ముందు బావ వేలాడుతున్నాడు.

ఎక్కడో ఉన్న చుక్కల్ని చూసే టెలిస్కోపుకి ఎదురుగా ఉన్న మనిషి కంటికి ఆనడు. కాస్త వెలుతురు తగ్గుతుంది, అంతే.

ప్రాణం ఎప్పుడు పోయిందో చెప్పలేమన్నాడు డాక్టరు.

"ఎంతసేపు కొట్టుకున్నాడో ఏమోరా, నీకేమైనా తెలుసా?" అంది అక్క.

"తెలీదక్కా" అన్నాను.

తెలుసు. ఆరు ఫొటోలు తీసేంతసేపు.