నాలుగో వరుస

"మూడు వరుసలు కరెక్టు చెప్పాలె నాయినా. నాలుగో దాంట్ల తడబడాలె. మొదట్నే తప్పులు చెప్తివా, డాక్టరుకు డౌటొస్తది."

బీరువా తలుపుకు అంటించిన అంకెల చార్టు పక్కన స్కేలు పట్టుకుని నిలబడ్డాడు జగన్. ఎదుటి గోడకు వీపు ఆనించి అతని తండ్రి మట్టయ్య నిలబడ్డాడు. సిటీ బస్సు డ్రైవరు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు, ఇంకో మూడేళ్ళుంది. ఎల్లుండి కంటి పరీక్ష.

ఎల్‌బీ నగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో వారం రోజులుగా ఇదే చదువు.

లెక్క మాత్రం జగన్ తల్లి అండాలమ్మది. ఆవిడ బడి ముఖం చూడలేదు గానీ ఇంటి లెక్కలన్నీ ఆవిడ నోటిమీదే ఉంటాయి. మట్టయ్య మూడేళ్ళు నడిపి దిగిపోతే వచ్చే పెన్షన్ నాలుగు వేలు దాటదు. ఇంటి కిరాయే తొమ్మిది వేలు. కొడుకు ఆరేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నాడు, ఒక్క ఉద్యోగమూ అందలేదు. అదే, చూపు తగ్గిందని డాక్టరు రాసిస్తే మట్టయ్యకు రావలసిన డబ్బు ఇప్పుడే చేతికొస్తుంది. ఆయన దిగిపోయినందుకు కొడుకును డిపోలో ఉద్యోగంలోకి తీసుకుంటారు.

"మూడేండ్ల జీతం పోతది, ముప్పై ఏండ్ల జీతం ఒస్తది," అంది అండాలమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "ఏది ఎక్కువనో నువ్వే చెప్పు."

"మంచిగున్న కండ్లను లేవనుడు ఏందే? తథాస్తు దేవతలుంటరు."

"ఆ దేవతలొచ్చి కిరాయి గడ్తరా?"

జగన్ పకపకా నవ్వాడు. మట్టయ్యకు నవ్వు రాలేదు. కూర్చున్నాడు. లేచాడు. వాకిట్లోకి పోయి ఊరికే తిరిగొచ్చాడు.

డిపోలో ఆయన చూపుకు పెద్ద పేరు. మలక్‌పేటలో బయల్దేరిన బస్సు నంబరు దిల్‌సుఖ్‌నగర్‌లో నిలబడి చెప్తాడని తోటివాళ్ళు వేళాకోళమాడేవారు. ఇన్నేళ్ళలో ఒక్క యాక్సిడెంటు లేదు. ఈ మధ్య వస్తున్న కొత్త బండ్ల లైట్లు కళ్ళలో పొడుస్తున్నాయి, దుకాణాల బోర్డులకు రంగు నిలవడం లేదు. అంతకుమించి రోడ్డు మీద ఆయనకు ఏ ఫిర్యాదూ లేదు.

"మళ్ళొకసారి," అంటూ జగన్ స్కేలును నాలుగో వరుస మీద పెట్టాడు.

"మూడు... సున్నా... తొమ్మిది."

"అక్కడున్నది ఎనిమిది, ఆరు, అయిదు! అబ్బ, ఎంత మంచిగ తప్పు చెప్తున్నవ్ నాయినా! సినిమాలల్ల ఉండాల్సినోడివి."

"నోటికొచ్చింది చెప్తున్నరా," అని విసుక్కున్నాడు మట్టయ్య.

పరీక్ష రోజు పొద్దున్నే మెట్రో ఎక్కాడు. మామూలు చొక్కా వేసుకొమ్మని కొడుకు చెప్పినా ఖాకీ చొక్కాయే వేసుకున్నాడు. సీటు దొరికినా కూర్చోలేదు. ఒక స్టేషన్ దాటేలోపు తలుపు దగ్గరికీ కడ్డీ దగ్గరికీ నాలుగుసార్లు మారాడు. అండాలమ్మ ఫోన్ చేసింది.

"మూడు వరుసలు. యాదికున్నదా?"

"ఉన్నదే."

మళ్ళీ చేసింది. మూడోసారి మోగగానే ఫోన్ ఆపేసి జేబులో పడేసుకున్నాడు.

దవాఖానలో డాక్టరు కుర్రవాడు. కాగితంలోంచి తల ఎత్తలేదు.

"సర్వీసెంత?"

"ఇరవై తొమ్మిదేండ్లు సార్. ఒక్క యాక్సిడెంట్ లేదు."

యాక్సిడెంట్ల సంగతి డాక్టరు అడగనే లేదు.

"అక్కడ నిలబడి ఒక కన్ను మూసుకో. పైనుంచి చదువు."

మట్టయ్య నిటారుగా నిలబడ్డాడు. ఎదురుగా ఇంట్లో ఉన్నలాంటి చార్టే. మూడు వరుసలు గడగడా చదివేశాడు. నాలుగో వరుస దగ్గర ఆగాడు.

"మూడు... కాదు సార్, సున్నా. తొమ్మిది..."

"తొందరేం లేదు. బాగా చూసి చెప్పు."

మట్టయ్య బాగా చూశాడు. మళ్ళీ అవే చెప్పాడు. రెండో కన్నుతోనూ అంతే. అయిదో వరుసలో ఒక్క అంకె కూడా కలవలేదు. డాక్టరు కళ్ళలో మందు చుక్కలు వేసి, కొంతసేపు ఆగి, లైటు పెట్టి చూశాడు. ఆయన ముఖంలో ఏమీ తెలియలేదు. చివరికి డాక్టరు కాగితం నింపి, ముద్ర వేసి, చేతిలో పెట్టాడు.

డ్రైవింగుకు పనికిరాడు.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. జగన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి తల్లిని గిరగిరా తిప్పాడు. "ఏమన్న యాక్టింగా నాయినా!" అంటూ బీరువా ముందు నిలబడి తడబాటంతా చేసి చూపించాడు. ఆ విషయం దోస్తులకు చెప్పడానికి పరుగున బయటికి పోయాడు. అండాలమ్మ అప్పుడే వచ్చే డబ్బులో బ్యాంకులో వేసేదెంతో, చేతిలో ఉంచుకునేదెంతో విడదీసి చెప్పేస్తోంది. చెబుతూనే ఒక లడ్డు తుంచి మొగుడి నోట్లో పెట్టింది.

మట్టయ్య నమలడం మరచిపోయినట్టు కూర్చున్నాడు. ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు.

అండాలమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"నీకు అబద్ధం రాదని పొద్దుటిసంది మస్తు పరేషానయిన. గంత పెద్ద డాక్టరు ముంగట ఎట్ల ఆడినవయ్యా?"

"ఆడలేదే, నాకు కనవడ్డదే చదివిన."