కీచుబండి

"రుక్మాబాయీ! మీ గాడిద వచ్చింది, గడ్డి వెయ్యి!"

మేడ మీద బట్టలారేస్తున్న వాసవాంబ అలా అరిచేసరికి గల్లీలో నలుగురూ నవ్వారు. మలుపు దగ్గర కీచుమన్న నందు బండి గడప ముందు ఇంకోసారి కీచుమని ఆగింది. పెట్రోలు ట్యాంకు మీద నుంచి ఐదేళ్ల స్రవ్య దిగి తల్లి తనూజ దగ్గరికి పరుగెత్తింది.

రుక్మాబాయి కొడుకును చూడలేదు. గల్లీలో తన తల దించిన ఆ బండినే చూసింది.

"పాలు అమ్ముకునేటోళ్లమైతే ఇజ్జత్ లేదా మనకు? పత్తర్‌గట్టిల దుకాణమున్నదని అది మేడెక్కి కూస్తది. నువ్వేమో దానికి రోజూ తమాషా చూపిస్తవ్."

"నేనేం జెయ్యాలె అమ్మా? బ్రేక్ కొడితే అరుస్తది."

తనూజకు ఇజ్జత్ గొడవ పట్టలేదు. ఆ అరుపు విన్నప్పుడల్లా ఆమెకు ఒకటే భయం. బ్రేకులు పాడయ్యాయేమో?

"ఒక్కపారి చూపియ్యరాదు? పోరిని ముందట కూసోబెట్టుకొని బస్సుల నడుమ పోతవు" అంది మొగుడితో.

"తొమ్మిదో తరగతి తప్పినదానివి, ఇంజినీరమ్మ లెక్క చెప్తున్నవే!" రుక్మాబాయి మూతి తిప్పింది. "మీ మామ స్కూటర్ మీద ఐదుగురం బార్కస్ పోయి జామపండ్లు కొనుక్కొచ్చుకున్నం. బ్రేక్ ఉన్నదో లేదో ఎవ్వడడిగిండు? నువ్వు నీడను చూసి కూడా దడుసుకుంటవ్."

తనూజ ఈసారి తగ్గలేదు. సాయంత్రం గల్లీ చివర మెకానిక్ ఖలీల్‌ను తనే పిలుచుకొచ్చింది.

ఖలీల్ బ్రేకు నొక్కి బండిని ముందుకు తోశాడు. కదల్లేదు. కింద కూర్చుని టార్చి వేసి చూశాడు.

"ఫికర్ చెయ్యకు భాభీ. ప్యాడ్లు కొత్తగనే ఉన్నయ్. బ్రేక్ బరాబర్ పడుతున్నది. దుమ్ము పట్టి అరుస్తున్నది, గంతే." ముందు చక్రం పక్కన తళతళలాడే ఇనుప పళ్లేన్ని చూపించాడు. "బండిని ఆపేది గిదే. వెనక బ్రేక్ ఉత్త పేరుకే. ఆదివారం విప్పి సాఫ్ చేస్త."

తనూజకు ఎన్నాళ్లకో ఊపిరి తిరిగింది. రుక్మాబాయికి మాత్రం ఒళ్లు మండింది.

"ఆదివారం దాకా గీ కూత ఇనాల్నా? పానా పట్టినోడల్లా ఉస్తాదే! నోరు మూయించ చాతకాదు గాని, మిస్త్రీనని తిరుగుతడు."

"అరవనీ అమ్మా, నష్టమేంది?" ఖలీల్ నవ్వాడు.

"అయితే తీస్కపోయి నీ ఇంటి ముందట కట్టేసుకో, అరవనీ!"

ఖలీల్ నవ్వుకుంటూనే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున రుక్మాబాయి అందరికంటే ముందే లేచింది. ఆమె ముఖాన చిరునవ్వు చూసి నందు ఆశ్చర్యపోయాడు. మనవరాలి బుగ్గలు పుణికి తనే ట్యాంకు మీద కూర్చోబెట్టింది.

"ఇయ్యాల షాన్‌గా పో బిడ్డా. ఎవ్వతి నవ్వుతదో చూస్త."

బండి కదిలింది. తనూజ రోజూలాగే గడపలో నిలబడి చెవులు రిక్కించింది. నిన్నటిదాకా భయపెట్టిన ఆ కీచు కోసమే ఇవాళ ధైర్యంగా ఎదురుచూసింది. అది వినబడితే బ్రేకు పడ్డట్టే కదా.

బండి ఎప్పటికంటే జోరుగా మలుపు తిరిగి, చార్మినార్ వైపు బస్సులు పోయే రోడ్డు మీదికి వెళ్లిపోయింది. చప్పుడు లేదు. మేడ మీద నోరు తెరిచిన వాసవాంబ తెరిచినట్టే ఉండిపోయింది.

తనూజ ముఖం వెలిగింది.

"అత్తమ్మా, అరుపే రాలే! ఖలీల్ భాయ్ రాత్రే వచ్చి సాఫ్ చేసిపోయిండా?"

"వాని మొకం!" రుక్మాబాయి మేడ వైపు చూసి గట్టిగా, వాసవాంబకు వినబడేలా అంది. "ప్యాడంట, విప్పుడంట, ఆదివారమంట! మీరందరు కలిసి ఒక్క చప్పుడు ఆపలేకపోతిరి. గింత పనికి మిస్త్రీ ఎందుకే?"

"మరి ఎవరు చేసిన్రు?"

"పొద్దుగాల నేనే ఆ పళ్లేనికి ఇంత కొబ్బరినూనె పూసిన."