గుండం కాడ కేక

“అక్కా, నీళ్లు పెరుగుతానయ్!”

భారతి మాట జలపాతం హోరులో సగమే వినిపించింది. యాకమ్మ ఆమె రెక్క పట్టుకుని బండ నడిమికి లాక్కుంది.

ఇద్దరికీ కాసేపటి పరిచయమే. భారతి జలపాతం చూడ్డానికొచ్చింది, యాకమ్మ కట్టెలకొచ్చింది. వాగు మధ్య బండ మీద కూర్చుని ముచ్చట పెట్టుకుంటుంటే, ఎగువన ఎక్కడో కురిసిన వాన ఒక్కసారిగా వచ్చిపడింది. ఒక పక్క నిట్టనిలువు గుట్ట, వెనక దూకే నీళ్లు, ముందు గుండం. దాటి వచ్చిన రాళ్లు మునిగిపోయాయి. ఇక ఎటు పోతారు పాపం!

అవతలి ఒడ్డు మీద భారతి భర్త ఇటు వీపు పెట్టి బండికి ఎడ్లను కడుతున్నాడు. అసలాయన ఇటు రానే రానన్నాడు. చుట్టాల పెళ్లికని వరంగల్ నుంచి ఇంత దూరం వచ్చి, జలపాతం చూడకుండా పోతామా అని భారతి అలిగితే బండి అరువు తెచ్చి తోలుకొచ్చాడు. వచ్చాక కూడా నువ్వు చూసి రాపో అని తను ఒడ్డునే ఉండిపోయాడు.

“ఏమండీ! ఓ ఏమండీ!”

భారతి గొంతు చించుకుంది. ఆయన తిరగలేదు. గుండం దగ్గర సరదాకి అరవని వాళ్లెవరు? ఎవరని తిరిగి చూస్తాడు?

“ఏమండీ అంటె ఎవలు పలుకుతరు? పేరు పెట్టి పిల్వు బిడ్డా.”

“అమ్మో! మొగని పేరు తీస్తె ఆయుష్షు తగ్గుతదట. మొన్న మాఘంల అయింది మా పెండ్లి. నువ్వయితె తీస్తవా?”

“ఎన్నడు తీయలే. బతుకుదెరువుకని పోయిండు, మల్ల రాలే. యాడున్నా సల్లగుండాలె గద.”

నీళ్లు మోకాళ్లకొచ్చాయి. కొత్త నైలాన్ చీర కాళ్లకు చుట్టుకుపోయింది. భారతికి ఏడుపు ముంచుకొచ్చింది.

ఒడ్డు మీద ఆయన ఎద్దు పలుపు సరిచేయడానికి పక్కకు తిరిగాడు. యాకమ్మ కళ్లు చిట్లించి అటే చూస్తూ ఉండిపోయింది.

ఇక ప్రాణం కన్నా ఎక్కువా అని భారతి నోరు తెరిచింది. యాకమ్మ గబుక్కున చేత్తో ఆ నోరు మూసింది.

“నువ్వొద్దు. కొత్త పుస్తె. నేను పిలుస్త.”

మెడలోని పసుపుతాడు కళ్లకద్దుకుని, రొమ్ము నిండా గాలి పీల్చి, ఒక్క కేక వేసింది.

“సారంగపాణీ!”

ఆయన తటాలున తిరిగాడు. తిరిగి కొయ్యలా నిలబడిపోయాడు.

“జల్ది రాండ్రి! మునుగుతానం!” అని భారతి రెండు చేతులూ ఊపాక గానీ కదల్లేదు. బండి పగ్గం చెట్టుకు కట్టి విసిరాడు. భారతిని చేయి పట్టి ఒడ్డుకు లాగాడు. యాకమ్మకూ చేయి చాచాడు గానీ ఆమె పట్టుకోలేదు. పగ్గం ఆసరాతో తనే దాటి, కొంగు పిండుకుంటూ వెనక్కి చూడకుండా అడవిలోకి వెళ్లిపోయింది.

బండి కదిలింది. భారతి వణుకుతూ ఆయన భుజానికి ఆనుకుంది.

“దేవుడసుంటి మనిషి. మీకు ఎరుకేనా ఆమె?”

“నాకెట్ల ఎరుక? కట్టెలేరుకునే మనిషి. నేను ఈ దిక్కు వచ్చుడే మొదటిసారి.” ఆయన ఎడ్లను గట్టిగా అదిలించాడు.

“ఎంత గట్టిగ పిలిచింది మిమ్ముల...” అనబోయిన భారతి, ఆయన భుజం మీంచి తల తీసేసింది.

యాకమ్మకు ఆ పేరు తను చెప్పనే లేదు.