పైకి వెళ్ళే ఆఖరి బస్సు

కొండ దిగుతున్న బస్సంతా ఖాళీ. అయినా టోపీ పెద్దాయన ముందు సీట్లోంచి లేచి, కడ్డీలు పట్టుకుంటూ వచ్చి, టీచరమ్మ పక్కనే కూలబడ్డాడు.

"ఇవాళ ఎలా ఉంది పైన?"

ప్రతి శనివారం సాయంత్రం ఇదే ప్రశ్న.

"బాగుంది" అంది ఆమె, కిటికీ వైపు తిరిగిపోతూ.

"సరస్సు కనిపించిందా? మబ్బు పట్టేసిందా?"

ఆమెకి ఒళ్ళు మండింది. అంత కావాలంటే దిగి చూడొచ్చు కదా! బస్సు కొండెక్కేసరికే ఈయన అందులో ఉంటాడు. దిగడు, చూడడు. మళ్ళీ అదే బస్సులో కిందికి పోతాడు. పొద్దుపోక బస్సెక్కి తిరిగే రకం అనుకుందామె.

పరాయి దేశంలో లెక్కల టీచరు ఉద్యోగం. సగం సగం వచ్చిన భాషలో ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. చెప్పాక, వెనక బెంచీ వాళ్ళు ఆమె యాసని మూడోసారి వెక్కిరిస్తారు. శుక్రవారానికి గొంతూ పోతుంది, ఓపికా పోతుంది.

అందుకే శనివారం మధ్యాహ్నం బస్సులో కొండ మీదికి. జనమంతా కిందికి దిగిపోయాక రాతి బల్ల మీద కూర్చుంటే పలకరించే మనిషి ఉండడు. ఆ గంట లేకపోతే ఎప్పుడో పెట్టె సర్దుకుని ఇంటికి పోయేది.

"వారం వారం షికార్లు! జాతకమంటే నీదేనే" అంటుంది అక్క ఫోన్లో.

ఆ షికారు కూడా ఊరికే దక్కలేదు. మొదటి శనివారం ఆఖరి బస్సు పైకి రానేలేదు. చెప్పులు కరిచి, వాటిని చేత్తో పట్టుకుని, చినుకుల్లో కొండంతా దిగింది. తిన్నగా డిపో కిటికీ దగ్గరికెళ్ళి కడిగేసింది. బెంచీ మీద కూర్చున్న వాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

కిటికీలో గుమాస్తా ఏదో చెప్పబోయాడు.

హోంవర్కు తేని పిల్లల్ని ఆపినట్టు చెయ్యెత్తి ఆపింది. "కారణాలొద్దు. బస్సు రావాలి. అంతే."

జవాబు వినకుండానే వచ్చేసింది. మరుసటి వారం బస్సు ఠంచనుగా వచ్చింది. ఆ తర్వాత ఒక్క వారం కూడా తప్పలేదు.

"గట్టిగా అడగాలే అక్కా! అడిగితే ఎక్కడైనా పనవుతుంది" అని ఎంత గొప్పలు పోయిందో.

కాకపోతే బస్సుతో పాటు ఈ పెద్దాయన కూడా కొసరుగా వచ్చాడు. ఇంకో ఏడాది ఉంటారా అని ప్రిన్సిపాల్ అడిగినప్పుడు కొండని తలుచుకుని సరే అంది. ఈయన్ని తలుచుకుంటే వద్దనాలనిపించింది.

"టీచర్ గారూ" అన్నాడు పెద్దాయన. "వచ్చే వారం నుంచి..."

ఆమె చెయ్యెత్తింది.

"అయ్యా, వారమంతా మాట్లాడి మాట్లాడి గొంతు పోతోంది నాకు. ఈ ఒక్కరోజైనా నోరు మూసుకుని కూర్చుందామని వస్తాను. మీకు దణ్ణం పెడతాను, ఆ ముందు సీట్లో కూర్చోండి."

పెద్దాయన టోపీ సర్దుకున్నాడు. "అలాగేనమ్మా" అన్నాడు. మళ్ళీ కడ్డీలు పట్టుకుంటూ ముందుకెళ్ళిపోయాడు.

డిపో దగ్గర మోకాళ్ళు వంగక మెట్టు దిగలేకపోతుంటే డ్రైవరు చెయ్యందించాడు. దిగాక పెద్దాయన వెనక్కి తిరిగి ఆమెకి చెయ్యి ఊపాడు. ఆమె ఫోన్ చూసుకుంటున్నట్టు నటించింది.

ఇంటికెళ్ళాక మనసు చివుక్కుమంది. పాపం, పెద్దవాడు. వచ్చే వారం నాలుగు మాటలు మాట్లాడదాంలే అనుకుంది.

వచ్చే వారం బస్సే రాలేదు.

చీకటి పడేదాకా చూసింది. చినుకులు మొదలయ్యాయి. తిట్టుకుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని కొండ దిగింది.

డిపోలో బస్సు తీరిగ్గా నిలబడి ఉంది. డ్రైవరు బెంచీ మీద టీ తాగుతున్నాడు.

"ఏమయ్యా, బండి పాడైందా?"

"లేదు టీచర్ గారూ."

"మరి పైకి రాలేదేం?"

డ్రైవరు గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "పెద్దాయన మీకు చెప్పలేదా? నేనే చెప్తానన్నాడే!"

"ఏం చెప్పాలి?"

"కూతురు వచ్చి తీసుకెళ్ళిపోయింది. ఇక్కడ ఒంటరిగా ఉండలేడని. ఇక రాడు."

ఆమెకి చిరాకొచ్చింది. "ఆయన రాకపోతే బస్సెందుకు రాదు?"

"కింద ఒక్కరైనా ఎక్కితేనే ఆఖరి బండి పైకి వెళ్ళాలండీ. ఖాళీ బండి తోలనివ్వరు. ఇవాళ పైన మీరున్నారని చెప్పినా డిపో వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ సంగతి మొదటిరోజే గుమాస్తా చెప్పబోతే మీరు విన్లేదట."

ఆమె చేతిలో చెప్పులు బరువెక్కాయి.

"ఆయన ఇల్లెక్కడ?"

"ఇక్కడేనండీ." డ్రైవరు డిపో గోడ పక్కనే ఉన్న చిన్న ఇంటిని చూపించాడు. తలుపుకి తాళం వేలాడుతోంది. "ఆ రోజు కూడా మీరిలాగే తడిసి, చెప్పులు పట్టుకుని వచ్చారు. ఆయన ఈ బెంచీ మీదే ఉన్నాడు."

"అయితే వారం వారం ఆ బస్సులో పైకెందుకొచ్చేవాడు?"

"పైన ఆయనకేం పనండీ? మీరు కిందికి రావాలంటే ఎవరో ఒకరు పైకి ఎక్కాలి కదా అని, ఆ మోకాళ్ళతో ఆయనే ఎక్కేవాడు."